‘నాలుగడుగులు అటు జరపండి’: సర్వే శాంపిలింగ్‌లో అసలు చిక్కు

ఎంచిన చేలో చిన్న ప్లాటు కోసి, తూచి, దాన్నిబట్టి దిగుబడి అంచనా వేయడాన్ని పంట కోత ప్రయోగం అంటారు. దానికోసం వరి చేలోకి దిగే ఉద్యోగి దగ్గర టేపు, తాడు, నాలుగు మేకులు, ఒక యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఉంటాయి. చేను నైరుతి మూలలో నిలబడి పొడవు, వెడల్పు అంగలతో కొలుస్తాడు. పొడవు 62 అంగలు, వెడల్పు 38 అంగలు వచ్చాయనుకుందాం. కోయాల్సిన ప్లాటు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు ఏడంగలు. ప్లాటు గట్టు దాటి పోకూడదు కాబట్టి రెండింటి నుంచీ ఏడు తీసేస్తే 55, 31 మిగులుతాయి. పట్టికలో 55కి మించని సంఖ్య ఒకటి, 31కి మించనిది ఒకటి తీస్తాడు. 23, 14 వచ్చాయి. నైరుతి మూల నుంచి పొడవు వెంట 23 అంగలు నడిచి, అక్కడ లంబంగా చేలోకి తిరిగి 14 అంగలు వేసి మొదటి మేకు దిగ్గొడతాడు. మిగతా మూడు మేకులు పాతాక కర్ణం కొలుస్తాడు. అది 7.07 మీటర్లు రావాలి. రాకపోతే తాడు చతురస్రంగా లేదన్నమాట, మేకులు మళ్లీ సర్దాలి.

ఇంతా చేశాక ప్లాటు సరిగ్గా గాలివానకు పడిపోయిన చోట పడింది. కంకులు బురదలో ఉన్నాయి. గట్టు మీద నుంచి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: “ఇక్కడ చేను పడిపోయిందండీ, నాలుగడుగులు అటు జరపండి.” పంట బీమా లెక్క తెలిసినవాళ్లయితే, దిగుబడి తక్కువ తేలితే పరిహారం వస్తుందని, ప్లాటు బాగా పండిన చోట పడినప్పుడు ఇటు జరపమంటారు. రెండు మాటలూ ఆ క్షణంలో న్యాయంగానే వినిపిస్తాయి. రెండూ వినకూడదు.

ఎందుకు వినకూడదో అర్థమైతే శాంపిలింగ్, అంటే కొంత భాగం చూసి మొత్తాన్ని అంచనా వేసే పని, సగం అర్థమైనట్టే. మండలంలో వంద ప్రయోగాలు జరుగుతున్నాయి, పదో వంతు చేను పడిపోయింది అనుకుందాం. సంఖ్య చెప్పిన చోటే కోస్తే, వందలో దాదాపు పది ప్లాట్లు పడిపోయిన చేలో పడతాయి. నష్టం ఎంత జరిగిందో అంతే లెక్కలోకి వస్తుంది. ప్రతి ఉద్యోగీ జాలిపడి నాలుగడుగులు జరిపితే ఆ పదీ మాయమైపోతాయి. మనకు వచ్చేది నిలబడ్డ చేను దిగుబడి, మండలం దిగుబడి కాదు. అప్పుడు వంద బదులు వెయ్యి ప్రయోగాలు చేసినా ఆ తప్పు తగ్గదు. అదే తప్పు ఇంకా గట్టి నమ్మకంతో వస్తుంది.

ఒకప్పుడు మన దగ్గర పంట అంచనా అణావారీ పద్ధతిలో జరిగేది. గ్రామాధికారి చేను చూసి పదహారణాల పంటనో, పన్నెండణాల పంటనో కంటితో తేల్చేవాడు. ఆ కన్ను ఎంత అనుభవం ఉన్నదైనా, అది ఎటు ఎంత మొగ్గుతోందో చెప్పే దారి లేదు. 1920ల్లో బీహార్, ఒరిస్సా ప్రాంతంలో జె.ఎ. హబ్బాక్ అనే అధికారి వరి దిగుబడికి యాదృచ్ఛికంగా ప్లాట్లు ఎంచి కోసే పద్ధతి పెట్టాడు. తర్వాత కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పి.సి. మహలనోబిస్ బెంగాల్ జనపనార సాగు మీద పెద్ద ఎత్తున శాంపిల్ సర్వేలు చేశారు. ఆ అనుభవంతోనే 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. నిరుద్యోగం, కుటుంబ వ్యయం, పేదరికం గురించి మనం చదివే అంకెల్లో చాలావాటికి మూలం ఆ కుదురే.

‘సగటు మనుషుల్ని’ చూసి ఎంచుకుంటే?

చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఇది: జిల్లాను బాగా ఎరిగినవాణ్ని అడిగి, అన్ని రకాలుగా సగటుగా ఉండే పది ఊళ్లు ఎంచుకుంటే పోదా? దీన్ని ఇటలీలో నిజంగానే చేసి చూశారు. 1921 జనగణన కాగితాలన్నీ దాచే వీల్లేక, కొంత భాగం ఉంచుకుందామని గిని, గల్వాని అనే ఇద్దరు గణాంకవేత్తలు దేశంలోని 214 జిల్లాల నుంచి 29 ఎంచారు. ఆ 29 జిల్లాల సగటులు కొన్ని ముఖ్య విషయాల్లో దేశ సగటుతో సరిపోయేలా జాగ్రత్తగా ఏరారు. ఏ విషయాలు చూసి ఏరారో అవి సరిపోయాయి. మిగతా విషయాలకు వచ్చేసరికి లెక్కలు గట్టిగా తేడా వచ్చాయి. 1934లో యెజీ నేమన్ అనే గణాంకవేత్త ఈ ఉదాహరణను ముందుపెట్టి, ఏరి ఎంచే పద్ధతికి బదులు భాగాలుగా విడదీసి యాదృచ్ఛికంగా తీసే పద్ధతే ఎందుకు నిలబడుతుందో గణితంతో చూపాడు. ఈనాటి సర్వేలకు పునాది ఆ వ్యాసమే.

అక్కడి నుంచి వచ్చిన నియమం చిన్నది. ఎంపిక మనిషి ఇష్టానికి వదలకూడదు. ప్రతి ఇంటికీ, ప్రతి చేనుకూ శాంపిల్‌లో పడే అవకాశం సున్నా కంటే ఎక్కువ ఉండాలి, ఆ అవకాశం ఎంతో మనకు తెలిసి ఉండాలి. అందరికీ సమానంగా ఉండాలని మాత్రం లేదు. దీన్ని చాలామంది పొరబడతారు. ఒక ఇంటికి వెయ్యిలో ఒకటి, మరో ఇంటికి వందలో ఒకటి అవకాశం ఉన్నా ఇబ్బంది లేదు, ఎంతో తెలిస్తే చివర్లో సరిచేసుకోవచ్చు. తెలియకపోతే సరిచేసే దారే లేదు.

ఎంత శాంపిల్ కావాలి?

చీటీలు వేసి తీసినట్టు జాబితా నుంచి నేరుగా తీస్తే అది సరళ యాదృచ్ఛిక శాంపిల్. ఇందులో పొరపాటు హద్దు లెక్క సులువు. అవును-కాదు తరహా ప్రశ్నకు, జవాబు సగం సగంగా ఉండే గడ్డు సందర్భంలో, 0.98ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 400 మందిని అడిగితే 0.98ని 20తో భాగిస్తాం, 4.9 శాతం వస్తుంది. అంటే వందసార్లు ఇలాగే సర్వే చేస్తే దాదాపు 95 సార్లు అసలు విలువ మన అంకెకు అటూ ఇటూ 4.9 శాతంలోపు ఉంటుంది. 1,600 మందిని అడిగితే 2.45 శాతం. 10,000 మందిని అడిగితే ఒక శాతం. హద్దును సగం చేయాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి, ఖర్చూ దాదాపు అలాగే పెరుగుతుంది. అందుకే చాలా సర్వేలు వెయ్యి, రెండు వేల దగ్గర ఆగిపోతాయి.

ఈ లెక్కలో జనాభా ఎంతన్నది ఎక్కడా రాలేదు, గమనించారా? “కోట్లమంది ఉన్న రాష్ట్రానికి రెండు వేల మంది ఏం సరిపోతారు?” అని టీవీ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. 400 మంది శాంపిల్‌కి 40,000 మంది ఉన్న పట్టణంలోనూ, ఐదు కోట్ల మంది ఉన్న రాష్ట్రంలోనూ పొరపాటు హద్దు దాదాపు ఒకటే. జనాభా చాలా చిన్నదైతేనే తేడా కనిపిస్తుంది: 2,000 మంది ఉన్న ఊళ్లో 400 మందిని అడిగితే 4.9 కాస్తా 4.4కి దిగుతుంది, అంతే. రాష్ట్రం పెద్దదని శాంపిల్ పెంచాల్సిన పని లేదు. ప్రతి జిల్లాకూ విడిగా అంకె కావాలంటే మాత్రం పెంచాలి, ఎందుకంటే అప్పుడు ప్రతి జిల్లా ఒక సర్వే అవుతుంది. జిల్లా స్థాయి అంకెలివ్వాల్సిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 6,36,699 కుటుంబాలను కలవాల్సి వచ్చింది అందుకే.

పైన చెప్పిన హద్దు చీటీలు తీసిన శాంపిల్‌కే వర్తిస్తుంది. ఫోన్ ఎత్తినవాళ్లతోనో, లింకు నొక్కినవాళ్లతోనో చేసిన సర్వే కింద అదే సూత్రంతో ‘ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం’ అని రాసుకోవడం తప్పు.

జాబితాలో లేనివాళ్లు

చీటీలు వేయాలంటే ముందు పేర్లు కావాలి. శాంపిల్ తీసే ఆ జాబితాను ఫ్రేమ్ అంటారు. సర్వే ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, బయటికి కనిపించకుండా. ఓటర్ల జాబితా వాడితే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఉండరు, అది తెలిసిన విషయమే. నిరుడు అద్దెకు దిగినవాళ్లు ఉండకపోవచ్చు, చనిపోయినవాళ్లు ఉండొచ్చు. హైదరాబాద్‌లోనూ సొంతూళ్లోనూ పేరున్నవాళ్లకు శాంపిల్‌లో పడే అవకాశం రెట్టింపు. రేషన్ కార్డుల జాబితా తీసుకుంటే కలిగినవాళ్లు తప్పిపోతారు. కరెంటు కనెక్షన్ల జాబితాలో ఒకే మీటరు మీద ఉండే మూడు కుటుంబాలు ఒకటిగా కనిపిస్తాయి.

ఊళ్లకు, వార్డులకు ప్రధాన ఆధారం జనగణన. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో సర్వేలు చాలాకాలంగా 2011 నాటి ఊళ్ల జాబితా మీదే నడుస్తున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లు అప్పటికీ ఇప్పటికీ ఎలా మారాయో చెప్పక్కర్లేదు. దీనికి మందు ఒక్కటే: ఎంపికైన ఊళ్లో ఇంటర్వ్యూలు మొదలుపెట్టే ముందు ఇల్లిల్లూ తిరిగి కొత్త జాబితా రాయడం. దీన్ని లిస్టింగ్ అంటారు. ఇంటి నంబరు ఉన్నా లేకున్నా, దుకాణం వెనక గది అయినా, కట్టుబడి జరుగుతున్న మేడ కింద కాపలా కుటుంబమైనా రాసుకోవాలి. డబ్బు మిగుల్చుకోవడానికి సర్వే సంస్థలు మొట్టమొదట కత్తిరించేది ఈ పనినే. నా దృష్టిలో అసలు కత్తిరించకూడనిది కూడా ఇదే.

లెక్కపెట్టి తీయడం

లిస్టింగ్‌లో 143 కుటుంబాలు వచ్చాయి, 22 కావాలి. 143ని 22తో భాగిస్తే 6.5. ఇదే అంతరం. 0కీ 6.5కీ మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీయాలి, 3.2 అనుకుందాం. దానికి 6.5 కలుపుతూ పోతే 3.2, 9.7, 16.2, 22.7 వస్తాయి. ప్రతిదాన్నీ పై పూర్ణాంకానికి సవరిస్తే 4వ, 10వ, 17వ, 23వ కుటుంబాలు, అలా 22 వరకూ. అంతరాన్ని ముందే 6కో 7కో సవరించేస్తే జాబితా చివరివాళ్లు తప్పిపోతారు, లేదా సంఖ్య తక్కువపడుతుంది. దశాంశం ఉంచి చివర్లో సవరించడం అందుకే. ఈ క్రమబద్ధ పద్ధతి సులువు, తనిఖీకి వీలు, పైగా శాంపిల్ ఊరంతా పరుచుకుంటుంది.

జాబితాలో ఏదైనా లయ ఉంటేనే ఇది దెబ్బతీస్తుంది. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లున్న అపార్టుమెంట్లను వరసగా రాశారు, అంతరం 8 వచ్చింది. మొదటి సంఖ్య 1 పడితే 1, 9, 17, 25... అన్నీ ప్రతి రెండో అంతస్తులో మొదటి ఫ్లాటే. అది మూలనున్న మూడు బెడ్‌రూముల తూర్పు ముఖం ఫ్లాటయితే, అద్దెలూ ఆదాయాలూ అన్నీ ఎక్కువగా వస్తాయి. అంతరం 7 అయి ఉంటే ఈ బెడద ఉండేది కాదు. శాంపిల్ తీసే ముందు జాబితా ఏ క్రమంలో రాశారో ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

భాగాలుగా విడదీస్తే

ఒక ప్రాంతంలో లక్ష ఎకరాల వరి ఉందనుకుందాం: కాలవ ఆయకట్టు 60,000, బోర్ల కింద 30,000, చెరువుల కింద 10,000. సగటు దిగుబడులు ఎకరానికి 25, 20, 12 క్వింటాళ్లు. ఆయకట్టులో చేలు కాస్త ఒకేలా పండుతాయి, చెరువు కింద ఒక చేనుకీ ఇంకో చేనుకీ పొంతన ఉండదు. ఈ హెచ్చుతగ్గుల కొలతలు, అంటే ప్రామాణిక విచలనాలు, 4, 6, 8 అనుకుందాం. మొత్తం 200 ప్రయోగాలకు డబ్బుంది.

మూడింటినీ కలిపి చీటీలు వేస్తే చెరువుల కింద 20 పడాల్సింది 12 పడొచ్చు, 29 పడొచ్చు. ఈ ఊగిసలాటే పొరపాటును పెంచుతుంది. అలా కాకుండా ఒక్కో భాగంలో విడిగా, విస్తీర్ణాన్ని బట్టి 120, 60, 20 చొప్పున తీస్తే భాగాల మధ్య తేడా వల్ల వచ్చే పొరపాటు పూర్తిగా పోతుంది. భాగం లోపలి తేడా మాత్రమే మిగులుతుంది. ఇది స్ట్రాటిఫైడ్ శాంపిలింగ్. విస్తీర్ణంతో పాటు హెచ్చుతగ్గులు కూడా చూసి పంచడం నేమన్ చెప్పిన పద్ధతి: 60కి 4, 30కి 6, 10కి 8 చొప్పున గుణిస్తే 240, 180, 80, ఈ నిష్పత్తిలో 200 ప్రయోగాలు 96, 72, 32గా పడతాయి.

శాంపిల్ సగటు అసలు సగటుకు మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పేది ప్రామాణిక దోషం. అది కలిపి తీస్తే 0.47 క్వింటాళ్లు, విస్తీర్ణం ప్రకారం విడదీస్తే 0.37, నేమన్ పద్ధతిలో 0.35. ఇదే 0.35 కలిపి తీసి సాధించాలంటే 200 చాలవు, 347 ప్రయోగాలు కావాలి. మామూలుగా విడదీయడంతోనే లాభంలో ఎక్కువ భాగం చేతికొచ్చేసింది, నేమన్ అదనంగా ఇచ్చింది కొద్దిగానే. కాబట్టి హెచ్చుతగ్గుల గురించి గట్టి సమాచారం లేనప్పుడు విస్తీర్ణం లేదా జనాభా ప్రకారం పంచడమే మేలు. చిన్న వ్యాపారాలూ పెద్ద ఫ్యాక్టరీలూ కలిసుండే సర్వేల్లో మాత్రం నేమన్ పంపకం ప్రాణం పోస్తుంది, పెద్దవాటినైతే అన్నిటినీ తీసేసుకోవడమే సబబు.

ఒక ఉచ్చు ఉంది. నేమన్ ప్రకారం తీసిన 200 ప్రయోగాల్నీ నేరుగా కలిపి సగటు కడితే 21.1 క్వింటాళ్లు వస్తుంది. విస్తీర్ణం ప్రకారం కట్టాల్సిన అసలు సగటు 22.2. పొలంలో ఎవరూ తప్పు చేయలేదు, శాంపిలూ మంచిదే, అయినా ఎకరాకు క్వింటాలు పైగా గల్లంతయింది. చెరువుల కింద విస్తీర్ణం పదో వంతే అయినా ప్రయోగాలు 32 జరిగాయి, వాటి మాట లెక్కలో ఎక్కువగా వినిపించింది. ప్రతి ప్రయోగమూ ఎన్ని ఎకరాల తరఫున నిలబడిందో ఆ భారం దానికి ఇవ్వాలి: ఆయకట్టులో ఒక్కోటి 625 ఎకరాలకు, బోర్ల కింద 417కి, చెరువుల కింద 312.5కి. సర్వే డేటా ఫైల్‌లో ‘వెయిట్’ అని ఉండే కాలమ్ ఇదే. దాన్ని పట్టించుకోకుండా సగటులు కట్టడం విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే పొరపాటు.

ఒకే కుండలో 22 మెతుకులు

రాష్ట్రంలో 1,100 కుటుంబాల్ని చీటీలతో తీస్తే 1,100 ఊళ్లకు వెళ్లాల్సి రావచ్చు. జీపు డీజిలుకే డబ్బయిపోతుంది. అందుకని ముందు 50 ఊళ్లు ఎంచి, ఊరికి 22 కుటుంబాల చొప్పున తీస్తారు. కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఒక్కో చోట 22 కుటుంబాలే. దీన్ని క్లస్టర్ పద్ధతి అంటారు. ఖర్చు కలిసొస్తుంది, ఖచ్చితత్వం పోతుంది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. ఆ మాట ఒక కుండకు నిజం. అదే కుండలో 22 మెతుకులు పట్టి చూసినా తెలిసేది ఆ కుండ గురించే, పక్కింటి పొయ్యి మీద ఏముందో తెలియదు. ఊరూ అంతే. ఊరికి కుళాయి నీళ్లు వస్తే 22 ఇళ్లకూ వస్తాయి, రాకపోతే ఎవరికీ రావు. నీళ్ల విషయంలో అక్కడ మనం సేకరించింది 22 జవాబులు కాదు, ఒకటో రెండో.

దీనికి కొలత ఉంది. ఒకే ఊళ్లోవాళ్లు ఒకరికొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే గుణకాన్ని ఊరికి తీసిన సంఖ్యలో ఒకటి తక్కువ చేసి గుణించి, ఒకటి కలపాలి. దీన్నే డిజైన్ ఎఫెక్ట్ అంటారు. పోలిక 0.05 ఉండే విషయానికి 21ని 0.05తో గుణించి ఒకటి కలిపితే 2.05. మన 1,100 కుటుంబాలు నిజానికి 537 కుటుంబాల విలువే చేస్తాయి. నీటి సరఫరా, మురుగు కాలవల్లాంటి విషయాల్లో పోలిక 0.2 ఉంటే డిజైన్ ఎఫెక్ట్ 5.2కి పోతుంది, 1,100 కాస్తా 212 అవుతుంది. అదే 1,100ని 110 ఊళ్లలో పదేసి చొప్పున తీస్తే ఈ రెండు విలువలూ 759, 393 అవుతాయి. ఊళ్లు పెంచడం కష్టం, ఖర్చు. ఊళ్లో ఇళ్లు పెంచడం తేలిక, చవక. ఆ తేలిక దారిలో వెళ్లి శాంపిల్ సంఖ్య పెద్దగా చూపించే నివేదికలు చాలా వస్తుంటాయి. నివేదికలో ఎంతమందిని అడిగారన్నదాని కంటే ఎన్ని ఊళ్లు తిరిగారన్నది ముందు చూడండి.

ఊళ్లు ఎంచేటప్పుడు ఇంకో మెలిక. పెద్ద ఊరికీ చిన్న ఊరికీ సమాన అవకాశం ఇచ్చి, రెండింట్లోనూ 22 ఇళ్లే తీస్తే, చిన్న ఊళ్లో ఒక్కో ఇంటికి అవకాశం ఎక్కువైపోతుంది. దానికి విరుగుడు ఊరి పరిమాణాన్ని బట్టి అవకాశం ఇవ్వడం. ఆరు ఊళ్లలో కుటుంబాలు 240, 910, 130, 560, 380, 180 అనుకుందాం. కలుపుతూ పక్కన రాయండి: 240, 1,150, 1,280, 1,840, 2,220, 2,400. రెండు ఊళ్లు కావాలి, 2,400లో సగం 1,200 అంతరం. 1కీ 1,200కీ మధ్య ఒక సంఖ్య తీస్తే 417 వచ్చింది. అది 241 నుంచి 1,150లోపు పడుతుంది, అంటే రెండో ఊరు. దానికి 1,200 కలిపితే 1,617, అది నాలుగో ఊరు. రెండో ఊరికి అవకాశం 1,200లో 910, ఆ ఊళ్లో ఒక ఇంటికి అవకాశం 910లో 22. రెండూ గుణిస్తే 910 కొట్టుకుపోయి 1,200లో 22 మిగులుతుంది. నాలుగో ఊరికి చేసినా అదే. ఏ ఊళ్లో ఇల్లయినా సమాన అవకాశం, ఒక్కో ఇంటి వెయిట్ 54.5. ఈ పద్ధతి అందం ఇదే.

ఇప్పుడు పాత జాబితా తెచ్చే చిక్కు చూడండి. రెండో ఊళ్లో 910 కుటుంబాలన్నది 2011 మాట. లిస్టింగ్‌లో 1,300 తేలాయి. ఇంటికి అవకాశం ఇప్పుడు 1,300లో 22, వెయిట్ 54.5 నుంచి 78కి పెరగాలి. లిస్టింగ్ చేయకుండా పాత ఊళ్లోనే తిరిగి 22 ఇళ్లు పూర్తిచేసిన బృందానికి కొత్త కాలనీ అసలు కనబడదు, వెయిట్ మారాల్సిన సంగతీ తెలియదు.

ఇంట్లో ఒక్కరినే అడిగే సర్వే అయితే మరో మెట్టుంది. తలుపు తీసినవాళ్లనే అడగకూడదు. పెద్దవాళ్లందరి పేర్లూ రాసుకుని అందులోంచి చీటీ తీయాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఒక్కొక్కరికి నాలుగో వంతు అవకాశమే కాబట్టి ఆ మనిషి వెయిట్‌ను నాలుగుతో గుణించాలి. దీన్ని మరిచిపోతే ఉమ్మడి కుటుంబాల మాట తగ్గి, ఒంటరిగా ఉండేవాళ్ల మాట పెరుగుతుంది.

తాళం వేసిన ఇల్లు

కాగితం మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి, 17వ ఇంటికి వెళ్తే తాళం. పక్కింటివాళ్లు “రండి, మమ్మల్ని అడగండి” అంటారు. ఇది పడిపోయిన చేను దగ్గర ‘నాలుగడుగులు అటు జరపండి’ అన్న మాటే. మధ్యాహ్నం పన్నెండుకు ఇంట్లో ఉండే మనిషీ, ఉండని మనిషీ ఒకటి కారు. కూలికి పోయినవాళ్లు, ఆఫీసుకు పోయినవాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటలు తగ్గిపోయి, ఇంటి పట్టున ఉండేవాళ్లు పెరిగిపోతారు. కనీసం మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లాలి, అందులో ఒకటి సాయంత్రమో ఆదివారమో కావాలి. అప్పటికీ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయాలి, పక్కింటిని పట్టుకొచ్చి నింపకూడదు.

సర్వే ఎప్పుడు చేస్తున్నామన్నదీ ఇందులో భాగమే. సంక్రాంతి వారంలో హైదరాబాద్‌లో ఇంటింటి సర్వే పెడితే ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఊళ్లకు పోయి ఉంటాయి. పాలమూరు పల్లెల్లో వలస కాలంలో వెళ్తే పనిచేసే వయసువాళ్లు దొరకరు, ముసలివాళ్లూ పిల్లలూ మాత్రమే కనిపిస్తారు.

స్పందన తగ్గితే శాంపిల్ ఎంత పెద్దదైనా గట్టెక్కదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి కార్డులు పంపితే 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కించి రూజ్‌వెల్ట్ ప్రత్యర్థి లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. పంపిన జాబితా ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లది. పైగా కార్డు తిప్పి పంపే ఓపిక రూజ్‌వెల్ట్ వ్యతిరేకులకే ఎక్కువుంది. 1948 అధ్యక్ష ఎన్నికల్లో పోల్ సంస్థలు మరో రకంగా దెబ్బతిన్నాయి. ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు, ఈ వయసువాళ్లు ఇందరు అని కోటా ఇచ్చి, ఎవరిని అడగాలో సర్వే చేసేవాళ్లకే వదిలేశాయి. కోటాలు సరిగ్గా నిండాయి, డ్యూయీ గెలుస్తాడన్నారు, ట్రూమన్ గెలిచాడు. కోటాల లోపల మళ్లీ మనిషి ఇష్టమే పనిచేసింది. బస్టాండులో, కూడలిలో నిలబడి చేసే సర్వేలు ఈనాటికీ ఇదే దారిలో ఉన్నాయి.

జాబితా తయారుచేయడమే సాధ్యం కాని జనం ఉంటారు, గల్ఫ్‌లో పత్రాలు లేకుండా ఉండిపోయిన మన కార్మికుల్లా. ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకుంటూ పోవడం తప్ప దారి లేదు. అలా చేయడం తప్పు కాదు, వాళ్ల కష్టాలు తెలుసుకోవడానికి మంచి మార్గం. అందులోంచి శాతాలు తీయడమే తప్పు.

కొలతలోనే తప్పుంటే

మళ్లీ చేలోకి వద్దాం. ప్లాటు సరైన చోటే పడింది. తాడు అంచున ఉన్న కుదుళ్లు లోపలివా, బయటివా? కోసేవాడి చెయ్యి సహజంగా లోపలికే కలుపుకుంటుంది. నాలుగు వైపులా ఐదేసి సెంటీమీటర్లు అదనంగా కోశాడనుకుంటే, 5 మీటర్ల ప్లాటు 5.1 మీటర్లవుతుంది, విస్తీర్ణం 25 నుంచి 26 చదరపు మీటర్లకు, అంటే 4 శాతం పెరుగుతుంది. అదే తప్పు ఒక మీటరు ప్లాటులో జరిగితే 1.1ని 1.1తో గుణించి చూడండి, 21 శాతం. చిన్న ప్లాట్లు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని గణాంకవేత్త పి.వి. సుఖాత్మే 1940ల్లో గట్టిగా వాదించింది ఇందుకే. చిన్నవి చాలా కోస్తే చాలన్న మహలనోబిస్ పక్షానికీ ఆయనకూ మధ్య అప్పట్లో పెద్ద వాదమే నడిచింది. వరికి 5 మీటర్ల ప్లాటు నిలబడటం వెనక ఈ లెక్క ఉంది.

తూకం కూడా మోసం చేస్తుంది. నూర్చి, తూర్పారబట్టాక 13.2 కిలోలు వచ్చాయి. ఎకరాకు మార్చడానికి 161.9తో గుణిస్తే 21.4 క్వింటాళ్లు. అప్పుడే కోసిన వడ్లలో తేమ 22 శాతం ఉంటే, 14 శాతానికి ఎండబెట్టిన లెక్కలో అవి 19.4 క్వింటాళ్లే. ప్రతి ప్లాటులోంచీ కాకపోయినా కొన్నింటిలోంచి వడ్లు తీసి ఎండబెట్టి తూచడం తప్పనిసరి.

ఇలాంటి తప్పుల్ని ఏ సూత్రమూ పట్టుకోదు. మహలనోబిస్ దీనికో ఉపాయం పెట్టారు. ఒకే ప్రాంతంలో శాంపిల్‌ను రెండు స్వతంత్ర సగాలుగా తీసి, ఒకరి పని ఒకరికి తెలియకుండా రెండు బృందాలకు ఇవ్వడం. రెండు సగాలూ యాదృచ్ఛికంగా తీసినవే కాబట్టి ఫలితాలు దగ్గరగా రావాలి. దూరంగా వస్తే ఎవరో ఒకరు నాలుగడుగులు జరిపారన్నమాట. జాతీయ నమూనా సర్వేలో కేంద్రం శాంపిల్‌తో పాటు రాష్ట్రాల అర్థ గణాంక శాఖలు విడిగా రాష్ట్ర శాంపిల్ చేసే ఏర్పాటు ఇప్పటికీ ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు పెరగాలి.

చివరిగా, ఈ లెక్కలన్నీ రైతు డబ్బుతో ముడిపడే చోటు. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకున్నప్పుడు ప్రధాన పంటకు కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలి. ఆ నాలుగింటి సగటే ప్రధాన ఆధారం. దిగుబడి నిర్ణీత స్థాయి కంటే తగ్గిందని తేలితే ఊళ్లో ఆ పంటకు బీమా చేసిన రైతులందరికీ పరిహారం. ఊళ్లో చేనుకూ చేనుకూ మధ్య విచలనం 5 క్వింటాళ్లనుకోండి. నాలుగు ప్రయోగాల సగటుకు ప్రామాణిక దోషం 5ని 2తో భాగించినంత, 2.5 క్వింటాళ్లు. నాలుగే కొలతలు కాబట్టి 95 శాతం నమ్మకానికి దాన్ని దాదాపు 3.2తో గుణించాలి: అటూ ఇటూ 8 క్వింటాళ్లు. ఆ ఊరి అసలు దిగుబడి 20 అయితే, ప్రయోగాలు నిజాయితీగా జరిగినా 15 రావచ్చు, 25 రావచ్చు. జిల్లా మొత్తానికి ఈ ఎక్కువతక్కువలు సర్దుకుంటాయి, జిల్లా అంకె గట్టిదే. ఒక్క ఊరికి సర్దుకోవు. ఆ ఊళ్లో నాలుగు బదులు పదహారు కోస్తే ప్రామాణిక దోషం 1.25కి, హద్దు దాదాపు 2.7 క్వింటాళ్లకు దిగుతుంది. అదనంగా పన్నెండు చేలల్లో మేకులు పాతి, కోసి, తూచడానికి అయ్యే కూలి ఎంతో ఏ రైతునడిగినా చెబుతాడు.